మేడమ్ అలిగిన రోజులు

పెళ్లికి ముందే అతను ఆమెతో ఒక సంగతి చెప్పాడు.

"మా ఇంట్లో ఇంకో ఇద్దరున్నారండీ. చిన్నోడు ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతాడు. పెద్దావిడతోనే కొంచెం కష్టం. ఎవరి పొడా గిట్టదు."

అంతే చెప్పి మాట మార్చేశాడు. అసలే తక్కువ మాట్లాడే మనిషి. సోఫాలూ కుర్చీలూ కుట్టడం అతని పని. నలభై అయిదు దాటేదాకా పెళ్లి ఊసెత్తలేదు. ఆమె కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేసేది. ఆమెకీ నలభై దాటాయి. ల్యాబులో చిరిగిపోయిన స్టూళ్లకి కొత్త రెక్సిన్ వేయడానికి అతను వచ్చినప్పుడు పరిచయమయ్యారు. స్టూలు ఎత్తు చాలక ఆమె రోజంతా మెడ సాచి పనిచేసి, సాయంత్రానికి మెడ పట్టుకుని లేస్తోందని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టి, ఆమె స్టూలుకి మాత్రం కాస్త మందంగా స్పాంజి పెట్టి కుట్టాడు. అడిగితే, "ఊరికే, ముక్క మిగిలిందండీ," అన్నాడు. ఆమెకి అతను నచ్చడానికి అది చాలింది.

పెద్దావిడంటే ఏ మేనత్తో అయ్యుంటుందనీ, చిన్నోడంటే ఎవరి పిల్లాడినో చేరదీసి ఉంటాడనీ ఆమె అనుకుంది. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలయ్యాక, మూడో అంతస్తులోని అతని ఇంటికి వచ్చినప్పుడు ఆమె సంచిలో పెద్దావిడకోసం ఒక ఉన్ని శాలువా, చిన్నోడికోసం రంగు పెన్సిళ్ల డబ్బా ఉన్నాయి.

తాళం తీయగానే లోపల్నుంచి, ఆడగొంతో మగగొంతో తెలియని గొంతొకటి "వచ్చావా? తిన్నావా?" అని అడిగింది.

"వచ్చానండీ," అంది ఆమె వినయంగా, చెప్పులు విప్పుతూ.

లోపలికి అడుగుపెట్టాక గానీ కనబడలేదు. కిటికీ పక్కన తలుపు తెరిచి ఉంచిన పెద్ద పంజరం. దాని మీద మోచేతంత పొడవున్న ఆకుపచ్చ చిలుక. అది ఎర్రటి ముక్కు పైకెత్తి, కొత్తమనిషిని కిందనుంచి పైదాకా ఒకసారి చూసి, తోక విప్పి మూసింది. పక్కనే ఒక కర్రమీద బూడిదరంగు చిట్టిచిలుక. నెత్తిమీద కుచ్చు ఉండాల్సిన చోట నున్నటి బట్టతల.

"ఆవిడే మేడమ్," అన్నాడు అతను. "వీడు గుండు."

ఆమె ఒక చేతిలో శాలువా, ఇంకో చేతిలో పెన్సిళ్ల డబ్బా పట్టుకుని నిలబడిపోయింది. సంగతేమిటో అర్థం కాగానే అతనికి నవ్వు ఆగలేదు. గోడకి ఆనుకుని, అలాగే నేలమీద కూలబడి నవ్వాడు. ఈ మనిషి ఇంతగా నవ్వగలడని ఆమెకి అప్పటిదాకా తెలియదు. ఆమెకీ నవ్వొచ్చింది. అత్తగారు, ఆడపడుచులు ఉన్న ఇళ్లలో జనం వేగడంలేదూ, రెండు చిలుకలతో వేగడం ఏమంత పని అనుకుంది. ఆ ధీమాతోనే మేడమ్ వైపు వేలు చాపింది.

మేడమ్ ఆ వేలిని తీరిగ్గా, తల ఇటూ అటూ తిప్పి చూసింది. తర్వాత ఎముక దాకా కొరికింది.

*

కాపురం అలా మొదలైంది. మొదట్లో ఇద్దరికీ బెరుకే. ఒకరినొకరు మీరు అనుకునేవాళ్లు. ఒకరు వంటింట్లో ఉంటే రెండోవాళ్లు గుమ్మందగ్గర ఆగి, "రావచ్చా?" అన్నట్టు చూసేవాళ్లు. ఇన్నేళ్లూ ఒంటరిగా బతికినవాళ్లు కదా, అలమరలో చొక్కాలు జరిపి చోటివ్వడం దగ్గర్నుంచి అన్నీ కొత్తగా నేర్చుకోవాల్సినవే.

గుండుతో ఏ ఇబ్బందీ లేకపోయింది. మొదటి రోజే ఆమె భుజమెక్కి, చెవిపోగు లాగి చూసి, జుట్టులో దూరి నిద్రపోయాడు. "వీడొక లంచగొండి. ఒక్క గింజ చూపిస్తే వీధిలో పోయేవాళ్లంతా వీడికి బంధువులే," అన్నాడు అతను. రంగు పెన్సిళ్లు గుండుకే దక్కాయి. ఒక్కోదాన్నీ నమిలి పొట్టు తీసేదాకా వాడికి తోచలేదు. శాలువా మాత్రం పెద్దావిడకే చెందింది. పొద్దుగూకాక పంజరం మీద కప్పడానికి.

మేడమ్‌కి కొత్త మనిషి మీద పెద్ద ఫిర్యాదే ఉంది. అతను పనినుంచి వస్తే ఈల వేసేది, రెక్కలు జారవిడిచి అతని భుజంమీద వాలి చెవిలో గొణిగేది. ఆమె వస్తే కిటికీ అద్దాలు అదిరేలా అరిచేది. ఇద్దరూ సోఫాలో పక్కపక్కన కూర్చుంటే వచ్చి మధ్యలో దిగి, ఆమె వైపు తిరిగి మెడ ఈకలు నిక్కబొడిచి కూర్చునేది. చివరికి అతను సోఫాలో, ఆమె ఎదురుగా కుర్చీలో కూర్చుని, కొత్త జంట కాకుండా ఏదో పనిమీద వచ్చిన మనుషుల్లాగా మాట్లాడుకునేవాళ్లు.

"దానికి నచ్చజెప్పండి," అందామె ఒకరోజు.

"చెప్పానండీ. వినిపించుకోవడంలేదు."

"ఏమని చెప్పారు?"

అతను సిగ్గుపడి, "మంచావిడే అని చెప్పాను," అన్నాడు.

మేడమ్‌కి మాటలు కొన్ని వచ్చు. అన్నీ, పెళ్లికి ముందు అతను కొంత పని ఇంట్లోనే చేసుకునే రోజుల్లో అతని దగ్గర నేర్చినవే. ఆమె ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు మేడమ్ వాటన్నిటినీ వరుసగా వల్లించేది. రెక్సిన్‌కి మేకులు కొట్టే చప్పుడు, టేపు చింపే చప్పుడు. ఫోన్ తీసి "ఆ, చెప్పండి, రేపిచ్చేస్తానండి," అనడం. ఇంక సాయంత్రం వెలుగు తగ్గగానే ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, "పోనీలే... రేపు చూద్దాం," అనేది. అచ్చం ఒక అలసిపోయిన మనిషి అన్నట్టే.

"ఇదెక్కడిది?" అని అడిగితే అతను తెల్లబోయాడు.

"నేనేనేమో. పనయ్యాక దీపం ఆర్పుతూ అంటుంటాను కాబోలు. నాకే తెలీదు."

చిలుకకి ఒక మాట రావాలంటే దాన్ని ఎన్నిసార్లు వినాలో ఆమెకి తెలియదు గానీ, చాలాసార్లే అయ్యుంటుందనిపించింది. వినేవాళ్లు ఇంకెవరూ లేని ఇంట్లో ఒక మనిషి అన్ని సాయంత్రాలు తనలో తను అనుకున్న మాటది. ఆ రోజునుంచి మేడమ్ ఎంత అరిచినా ఆమెకి మునుపటంత కోపం రాలేదు.

పెనం సంగతి అప్పుడే జరిగింది. ఆమె తనతో తెచ్చుకున్న సామాన్లలో అడుగంటని నల్లపెనం ఒకటుంది. చాలా ఇష్టంగా కొనుక్కున్నది. ఆమె పొయ్యిమీద దాన్ని పెట్టినప్పుడల్లా అతను వంటింట్లోకి వచ్చి, నిలబడి, ఏదో చెప్పబోయి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయేవాడు. కిటికీలు మాత్రం అన్నీ బార్లా తెరిచేవాడు.

"ఏమిటండీ, చెప్పేదేదో చెప్పరాదూ? మీరు తాగే నీళ్లతో ట్యాంకు ఖాళీ అయిపోయేలా ఉంది," అంది ఆమె.

"అదికాదండీ... ఆ పెనం బాగా కాలితే ఒకరకం పొగ వస్తుందట. మనకి తెలీనే తెలీదు. పక్షులకి ఊపిరాడదు, ప్రాణమే పోతుందని డాక్టరుగారు చెప్పారు. మీరు ఇష్టపడి కొనుక్కున్నారని..."

ఆమె మారు మాట్లాడకుండా పొయ్యి కట్టేసింది. పెనం చల్లారాక కాగితంలో చుట్టి అతని అక్కకి ఇచ్చేసింది. అతని అక్క ఇల్లు రెండు వీధుల అవతల. నోరు గట్టిది, మనసు మెత్తది.

"ఆ దయ్యం కోసం పెనం ఇచ్చేస్తావా?" అంది ఆవిడ. "నిన్ను కొరికి చంపుతోందట కదా! నేను వాడికి చెబుతానుండు. పక్షులు పెంచే ఆయనొకాయన తెలుసు నాకు. ఊరి చివర పెద్ద షెడ్డులాంటిది కట్టించాడు. అక్కడికి పంపించేయమంటాను."

"వద్దొదినా. నేను చూసుకుంటాలే."

నిజానికి చూసుకోవడానికి ఆమె చేయనిదంటూ లేదు. అక్రోటు పప్పు పెట్టింది. మేడమ్ పప్పు తీసుకుని, దాన్ని కిందపడేసి, పెట్టిన వేలిని కరిచింది. అతని పాత చొక్కా తొడుక్కుని వెళ్లింది. మేడమ్ మోసం కనిపెట్టి చొక్కా గుండీలు రెండు తెంపేసింది. అతను వేసే ఈల నేర్చుకుని వేసింది. మేడమ్ అరుపు ఆపి, తల ఒంచి, ఎంతో జాలిగా ఆమెని చూసింది.

అక్క తమ్ముడితో మాట్లాడే ఉంటుంది. ఒక సాయంత్రం అతను అన్నం ముందు కూర్చుని, తినకుండా మెతుకులు అటూ ఇటూ జరుపుతూ, "ఊరి చివర ఒకాయన ఉన్నాడటండీ. మేడమ్‌ని ఆయన దగ్గర ఉంచుదామనుకుంటున్నాను. అక్కడ ఇంకా చాలా పక్షులున్నాయట. తోడుంటుంది," అన్నాడు. మాటలు కంఠతా పట్టినట్టు చెప్పాడు. భుజంమీద మేడమ్ అతని కాలరు కొసని ఓపిగ్గా నములుతోంది.

ఆమె అతని మొహంలోకి చూసింది.

"మీకు పంపించాలనుందా?"

మెతుకులు జరుపుతున్న అతని వేళ్లు ఆగాయి.

"నేను రాకముందు మిమ్మల్ని తిన్నావా అని అడిగింది అదొక్కటే కదండీ. దాన్ని సాగనంపి నేను ఆ సోఫాలో కూర్చుంటే నాకు మాత్రం బాగుంటుందా? ఇంకోసారి ఆ మాట ఎత్తకండి. అన్నం తినండి."

అతను తలొంచుకుని గబగబా తిన్నాడు. నీళ్లు తాగుతున్నప్పుడు గ్లాసు మొహానికి అడ్డంగా కాస్త ఎక్కువసేపే ఉంచుకున్నాడు. తన గురించి ఆమె చెప్పిన మంచిమాట అర్థం కాని మేడమ్, టేబులు మీదికి దూకి, ఆమె పళ్లెంలోని మొక్కజొన్న గింజ ఎత్తుకుపోయింది.

*

కొన్నాళ్లకి అతనికి పొరుగూళ్లో పెద్ద పని వచ్చింది. ఒక పాత నాటకాల హాలులో సీట్లన్నిటికీ కొత్త గుడ్డ వేయాలి. రెండు వారాలపైన అక్కడే ఉండాలి.

"చిలుకల్ని అక్క దగ్గర దించి వెళ్తాను," అన్నాడు.

"వాళ్లింట్లో నా పెనం ఉంది," అని గుర్తుచేసింది ఆమె.

అలా మేడమ్, ఆమె ఒకే ఇంట్లో ఒంటరిగా మిగిలారు. గుండు ఉన్నాడు గానీ వాడు లెక్కలోకి రాడు.

మొదటి సాయంత్రం అతను వచ్చే వేళకి మేడమ్ తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీ వీపుమీద వాలి కూర్చుంది. మెట్లమీద ఎవరి అడుగులు వినబడ్డా మెడ సాచేది. అడుగులు పై అంతస్తుకి వెళ్లిపోతే మెడ ముడుచుకునేది. చీకటిపడినా పంజరంలోకి వెళ్లలేదు. ఆమె దీపం ఆర్పకుండా ఉంచేసింది. మర్నాడు అరుపులు లేవు. ఆమె దగ్గరగా వెళ్లినా కొరకలేదు. కొరికితేనే నయం అనిపించింది ఆమెకి. గిన్నెలో గింజలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆ మర్నాడు పొద్దున పంజరం కింద చిన్నచిన్న ఆకుపచ్చ ఈకలు కనబడ్డాయి. మేడమ్ తన ఛాతీ ఈకలు తనే పీక్కుంటోంది.

ఆమె ల్యాబుకి ఫోన్ చేసి రాలేనని చెప్పింది. వంటింటి తువ్వాలు తెచ్చి, "ఏమనుకోకే తల్లీ," అంటూ మేడమ్‌ని చుట్టి పట్టుకుంది. చేతిలో ఉన్నది ఇంత అరిచే ప్రాణిలా లేదు. గాలితో నింపిన సంచిలా ఉంది. తువ్వాలు లోపలినుంచి గుండె కొట్టుకోవడం మాత్రం వేళ్లకి తగులుతోంది.

పక్షుల డాక్టరు పెద్దవయసావిడ. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, మేడమ్‌ని తూచి, గొంతు చూసి, రెక్కలు విప్పి చూసింది.

"జబ్బేమీ లేదమ్మా. బెంగ పెట్టుకుంది. ఇన్నేళ్లలో ఆయన ఎప్పుడూ వదిలి వెళ్లలేదు కదా. తిండి మానేయకుండా చూడాలి. లేతమొక్కజొన్న ఉడికించి, గోరువెచ్చగా పెట్టు. బతిమాలకు. అదేపనిగా కళ్లల్లోకి చూడకు, భయపడుతుంది. నీ పని నువ్వు చేసుకుంటూ దాని దగ్గర కూర్చో. అదే వస్తుంది."

"నేనంటే పడదండీ దానికి."

"పడకపోతే పోనీ. ఇంట్లో ఇంకెవరున్నారు దానికి?"

ఆ సాయంత్రం ఆమె భర్తకి ఫోన్ చేసింది. సంగతంతా చెప్పింది. అతని వెనకెక్కడో సుత్తుల చప్పుడు.

"పని వదిలేసి వచ్చేయనా?"

"వద్దు. డాక్టరుగారు చూశారుగా. పొద్దున్న రెండు గింజలు తిన్నది కూడాను." తినలేదు. అయినా అలాగే చెప్పింది.

"మరి నువ్వు తిన్నావా?" అన్నాడు అతను.

ఆ మాటలో ఏదో తేడా ఉంది. ఫోన్ పెట్టేశాక గానీ ఆ తేడా ఏమిటో తట్టలేదు. అతను మీరు అనడం మర్చిపోయాడు. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తింది.

మర్నాటినుంచి ల్యాబులో అడిగి కొంత పని ఇంటికి తెచ్చుకుంది. వేడిచేసేదీ సానపట్టేదీ కాకుండా, చేత్తో చేసుకునే సన్నపని. గులాబీరంగు మైనంతో చేసిన చిగుళ్ల అంచులు చిన్నచాకుతో చెక్కాలి. ఎవరి నోటికి ఏ పళ్లు నప్పుతాయో రంగు చూసి, సైజు చూసి ఏరి పెట్టాలి. పంజరం పక్కనే బల్ల వేసుకుని, కిటికీ వెలుతురులో, మేడమ్‌కి కాస్త పక్కకి తిరిగి కూర్చుంది. గిన్నెలో వెచ్చటి మొక్కజొన్న పెట్టుకుని, తనే ఒక్కో గింజ నోట్లో వేసుకుంటూ పని చేసుకుంది. చిలుక వైపు చూడలేదు. చూడాలని మాత్రం మనసు లాగుతూనే ఉంది.

మొదటి రోజు ఏమీ జరగలేదు. రెండో రోజు గోళ్ల చప్పుడు వినబడింది. మేడమ్ పంజరం కడ్డీలు పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది. బల్ల అంచు మీదికి వచ్చి ఆగింది. ఆమె మైనం చెక్కుతున్నట్టే నటించింది. మేడమ్ గిన్నె దాకా నడిచింది. ఒక గింజ తింది. ఇంకోటి తింది. తర్వాత బల్లమీద వరుసగా పేర్చిపెట్టిన పళ్లకేసి చూసి, ముందుపన్ను ఒకటి ముక్కున కరుచుకుని పంజరం పైకి ఎగిరిపోయింది.

"ఓసి దొంగదానా! అది ఎవరో మాస్టారి పన్నే! ఇటియ్యి!"

మేడమ్ కాలితో పన్ను పట్టుకుని, వెలుతురుకేసి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది. బంగారం కొనబోయే మనిషి చూసినట్టు చూసింది. ఆమె అక్రోటు పప్పు తెచ్చి చెయ్యి చాపింది. "ఇదిగో, పన్ను ఇస్తే పప్పు. న్యాయమే కదా?" మేడమ్ కాసేపు ఆలోచించి పన్ను వదిలేసింది. పప్పు తీసుకుంది. వేలు కరవలేదు.

ఆ తర్వాత ఇల్లంతా అదే ఆటయింది. పళ్లు పోతే ల్యాబులో మాట పడాల్సి వస్తుందని ఆమె చెక్కపూసలు తెచ్చి బల్లమీద పోసింది. మేడమ్ పూస ఎత్తుకుపోవడం, ఆమె గొల్లుమనడం, పప్పు తీసుకుని పూస తిరిగివ్వడం. గుండుకి ఈ వ్యాపారం నచ్చి, వాడూ ఒక పూస తెచ్చి ఆమె ఒళ్లో పడేసి నోరు తెరిచేవాడు. ఎవరూ అడక్కుండానే సొత్తు తిరిగిచ్చి లంచం కోరే మొదటి లంచగొండి వీడేనని ఆమె ఫోన్‌లో చెబితే అతను పగలబడి నవ్వాడు.

ఒక మధ్యాహ్నం ఆమె చెక్కుతూ ఉండగా భుజంమీద బరువు దిగింది. గుండు కాదు, గుండు బరువు ఆమెకి తెలుసు. తల తిప్పలేదు. చెవి వెనక వెచ్చటి ఊపిరి తగిలింది. మేడమ్ ఆమె జుట్టులోంచి ఒక్కో వెంట్రుకా తీసి, ముక్కుతో దువ్వి పక్కన పెడుతోంది. ఆమె చాకు బల్లమీద పెట్టేసింది. వెలుగు తగ్గుతున్నకొద్దీ ఇద్దరూ అలాగే కూర్చున్నారు. గదిలో చీకట్లు కమ్మేవేళకి మేడమ్ పెద్దగా నిట్టూర్చి, "పోనీలే... రేపు చూద్దాం," అంది.

"అలాగే," అంది ఆమె. "రేపే చూద్దాం."

*

అతను వచ్చిన రోజు ఆమె మెట్లదగ్గరే ఎదురయింది. "ఈకలు మళ్లీ మొలుస్తున్నాయి, చూస్తారుగా," అంటూ సంచీ అందుకుంది. అతను చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వెళ్లి, ఈల వేసి, చెయ్యి చాపాడు.

"మేడమ్! వచ్చానే! రా!"

మేడమ్ తల పక్కకి వంచి అతన్ని చూసింది. నాలుగడుగులు ముందుకి వచ్చింది. అతని కళ్లు చెమర్చాయి. మేడమ్ చాపిన చెయ్యి దాకా వచ్చి, బొటనవేలు ఏరుకుని, శ్రద్ధగా కొరికింది. కొరికి, రివ్వున ఎగిరి వెళ్లి ఆమె భుజంమీద వాలి, అతనికి తోక చూపించి కూర్చుంది.

అతను వేలినుంచి కారుతున్న రక్తాన్ని చూసుకున్నాడు. తర్వాత మేడమ్‌ని చూశాడు. ఇంత నొప్పి మేకు దిగినా కలగలేదన్నట్టుంది మొహం.

"నన్నే?" అన్నాడు. "నన్నేనా? గింజ మింగడం రాని రోజుల్లో చెంచాతో పెట్టి పెంచింది నేను కదే!"

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసింది, వల్లకాలేదు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. అంతలో అతని మొహం చూసి నవ్వు ఆగిపోయింది. నిజంగానే నొచ్చుకున్నాడు. వేలికి మందు రాసి, కట్టు కట్టింది.

"అలిగిందండీ. చెప్పకుండా వెళ్లిపోయారని కోపం."

"చెప్పే వెళ్లాను."

"మీరు చెప్పింది నాకు. దానికి కాదు."

ఆ రాత్రి అతను సోఫాలో ఒక్కడే కూర్చున్నాడు. గుండు మాత్రం వచ్చి అతని చెవి కొరుకుతూ ఓదార్చాడు. ఎదురుగా బల్లదగ్గర ఆమె చెక్కుతూ ఉంటే, భుజంమీద మేడమ్ కునికిపాట్లు పడుతోంది. అతను ఆ ఇద్దరినీ చూస్తూ ఉండిపోయాడు. కొంతసేపటికి అతనే అన్నాడు.

"నువ్వు వచ్చిన కొత్తలో నీకెలా ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది."

"పోనీలెండి. రెండు గుండీలు పోయాయి, అంతే."

మర్నాటినుంచి ఆమె అతనికి పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. కళ్లల్లోకి చూడకండి. బతిమాలకండి. అలా దగ్గరికి పోయి నిలబడకండి, మీ పని మీరు చేసుకోండి. అతను ఇంటి కింద ఉన్న తన కొట్టులో చేసుకోవాల్సిన పని కొంత పైకి తెచ్చుకుని, కిటికీకి ఇవతల పాత దుప్పటి పరుచుకుని కూర్చునేవాడు. కుట్టుపని చేతికి అలవాటే గానీ, చిలుకవైపు చూడకుండా కుట్టడం అతనికి చేతకాలేదు. ఓరకంట చూస్తూ సూది ఎన్నిసార్లు పొడుచుకున్నాడో. మేడమ్ అతని మీద కనికరించినట్టు ఒకరోజు కత్తెర దాకా వచ్చేది. ఆ మర్నాడు అతని దారం ఉండ లాక్కుని పారిపోయేది. దగ్గరికి వస్తుందనుకున్న రోజున కొరికేది.

ఒకసారి అతని అక్క వచ్చి ఈ వరస చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఒరే, పెళ్లానికీ పక్షికీ కలిపి ఇద్దరికీ ఒకేసారి లొంగిపోయావన్నమాట! అప్పుడే ఆ పక్షులు పెంచే ఆయనకి ఇచ్చేసి ఉంటే హాయిగా ఉండేది కదా."

"ఎవరిని ఇచ్చేది, వదినా?" అంది ఆమె, మేడమ్ తల నిమురుతూ. గొంతు కాస్త పెద్దదైంది. "ఇంకోసారి అలా అనకు, దానికి మాటలన్నీ అర్థమవుతాయి."

ఆవిడ తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు కుట్టుపనిలో మునిగిపోయినట్టు తలెత్తలేదు. నోరు మాత్రం నవ్వుతోంది.

అలా వర్షాల రోజులు వచ్చాయి. మేడమ్ ఛాతీమీద ఈకలు నిండుగా, మునుపటికంటే మెరుస్తూ మొలిచాయి. అతనిమీద అలక పూర్తిగా పోయిందని చెప్పలేం. పొద్దున ఈల వేస్తే బదులు వేసేది. మధ్యాహ్నాలు ఎవరో తెలియనట్టు ఉండేది. ఒకప్పుడు అతని భుజం దిగని చిలుక ఇప్పుడు ఆమె భుజమే తన చోటనుకుంది. అతను దాన్ని మెల్లగా ఒప్పుకున్నాడు. "ఎవరి భుజమైతేనేం, ఇంట్లోనేగా," అన్నాడు ఒకసారి. ఆ మాట అన్నప్పుడు నిజంగా బాధ లేదు అతని గొంతులో. కొద్దిగా ఉందేమో, అది బాధకంటే ఆశే.

ఒక సెలవురోజు మధ్యాహ్నం అతను దుప్పటిమీద కాళ్లు చాపుకుని కూర్చుని, ఒక చిన్నకుర్చీ అంచుకి వంకరసూదితో దారం తీస్తున్నాడు. ఆమె వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. బయట సన్నగా వాన. మేడమ్ బల్లమీదనుంచి నేలమీదికి దిగి, గోళ్లు టకటకలాడించుకుంటూ గది అంతా నడిచింది. దుప్పటి అంచు దగ్గర ఆగింది. అతని పాదం ఎక్కింది. అక్కడినుంచి ప్యాంటు పట్టుకుని మోకాలిదాకా పాకింది. ఒక కాలు పొట్ట కిందికి ముడుచుకుని, ఈకలు వదులు చేసుకుని, కళ్లు మూసుకుంది.

అతను దారం లాగిన చేతిని లాగినట్టే గాలిలో ఉంచేశాడు. కదిలితే లేచిపోతుందేమోనని ఊపిరి కూడా సన్నగా తీస్తున్నాడు. అంతలో పక్కనే ఉన్న అతని ఫోన్ మోగింది. మేడమ్ ఒక కన్ను తెరిచి, మళ్లీ మూసింది. ఫోన్ మోగుతూనే ఉంది. అతను దానివైపు చూశాడే గానీ చెయ్యి దించలేదు.

ఆమె తడిచేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి, గుమ్మంలో ఆగిపోయింది. ఒక్క క్షణం అలా చూసి, చప్పుడు కాకుండా వంగి ఫోన్ తీసుకుంది. అవతల ఎవరో సోఫా ఎప్పుడిస్తారని గట్టిగా అడుగుతున్నారు.

"ఆయన ఇప్పుడు మాట్లాడలేరండీ," అంది ఆమె గుసగుసగా. "ముఖ్యమైన పనిలో ఉన్నారు."